సందెవేళ ఫోర్త్ రైలు వంతెన: గోడకెక్కే ఫొటో కావాలంటే

మీరు అడిగినదాన్ని ముందు ఒక్కచోట పెడతాను. సెప్టెంబరు చివరి వారంలో రెండు సాయంత్రాలు స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో దగ్గరున్న సౌత్ క్వీన్స్‌ఫెర్రీ ఊళ్లో ఉంటారు. చేతిలో 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 24–70, 70–200 లెన్సులు, ఓ మాదిరి ట్రైపాడ్ ఉన్నాయి. ఫోర్త్ రైలు వంతెన మొత్తం పడేలా సందెవేళ ఫొటో తీసి, హాల్లో సోఫా పైన 150 సెంటీమీటర్ల వెడల్పు ప్రింటు పెట్టాలని మీ కోరిక. పోయినసారి తీసింది తెరమీద బాగానే ఉంది, ప్రింటు మాత్రం నల్లగా, మసకగా వచ్చింది. ఎక్కడ తప్పిందో, ఈసారి ఏం చేయాలో చెప్పమన్నారు.

సగం తప్పు 'వంతెన మొత్తం' అన్న మాటలోనే ఉంది. లెక్క చూడండి. రెండు కొసల్లోని రాతి స్తంభాల భాగాన్ని వదిలేసి మూడు కాంటిలీవర్లనే (టవరు నుంచి రెండు వైపులా చేతుల్లా చాచిన ఉక్కు కట్టడాలనే) తీసుకున్నా పొడవు దాదాపు 1,630 మీటర్లు. టవర్ల ఎత్తు నీటిమట్టం నుంచి 110 మీటర్లు. అంటే సుమారు 15కి 1. సరిగ్గా పక్కనుంచి తీసి, 150 సెంటీమీటర్ల ప్రింటులో ఈ చివర నుంచి ఆ చివరికి సర్దితే టవరు ఎత్తు 10 సెంటీమీటర్లు వస్తుంది. సోఫాకు ఎదురుగా కూర్చున్నవాళ్లకి అది వంతెనలా కాదు, రంపంలా కనిపిస్తుంది. ఈ వంతెన అందమంతా బరువులో ఉంది. 3.7 మీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు గొట్టాలు, వాటిని పట్టి ఉంచే జాలీ, 65 లక్షల రివెట్లు. 10 సెంటీమీటర్ల టవర్లో ఇవేవీ మిగలవు.

కాబట్టి ఏటవాలుగా తీయండి. ఊరు రైలు వంతెనకు పడమటి పక్కన ఉంది. ఒడ్డున నిలబడి ఈశాన్యంగా చూస్తే దగ్గరి టవరు పెద్దగా, ఇంచ్‌గార్వీ దీవి దగ్గరున్న నడిమి టవరు దాని వెనక, అవతలి ఒడ్డున, ఫైఫ్ వైపు టవరు చిన్నగా, ఒకదాని భుజం మీదుగా ఒకటి తొంగిచూస్తున్నట్టు వస్తాయి. దగ్గరి టవరుకు 400 మీటర్ల దూరంలో 50 మి.మీ. దగ్గర పెట్టి అడ్డంగా తీస్తే ఫ్రేము ఎత్తులో సగానికి పైగా అదే ఆక్రమిస్తుంది. 120×80 సెంటీమీటర్ల ప్రింటులో (మీ సోఫాకు ఈ సైజే చాలు, ఎందుకో చివర్లో చెబుతాను) ఆ టవరు ఒక్కటే 46 సెంటీమీటర్లు. 10 ఎక్కడ, 46 ఎక్కడ!

ఒడ్డు వెంబడి నడుస్తూ ఒక్క సంగతి గమనించండి. టవర్ల మధ్య ఖాళీ ఆకాశం మిగలాలి. మరీ వంతెన కిందికి వెళ్లిపోతే మూడు టవర్లూ ఒకదాని మీద ఒకటి పడి జాలీలో జాలీ కలిసి ఇనుప తుక్కు కుప్పలా తయారవుతుంది. దగ్గరి టవరు చేయి చివరకీ, రెండోదాని నిలువు కాళ్లకీ మధ్య కాస్త సందు కనబడేదాకా పడమటికి జరగండి. మొదటి సాయంత్రం వెలుతురు ఉండగానే ఈ చోటు వెతికి పెట్టుకుంటే రెండో రోజు పరుగులుండవు.

తూర్పు ఒడ్డు నుంచి తీస్తే సూర్యాస్తమయం వంతెన వెనక వస్తుంది కదా అని చాలామంది అటు వెళ్తారు. నల్లని నీడబొమ్మ కావాలంటే సరే. అయితే ఆ నీడ వెనకే 1964 నాటి రోడ్డు వంతెన, 2017లో తెరిచిన క్వీన్స్‌ఫెర్రీ క్రాసింగ్ టవర్లూ కేబుళ్లూ వచ్చి చేరతాయి. 1890 నాటి ఉక్కు, 2017 నాటి కేబుళ్లు ఒకే నలుపులో కలిసిపోతే ఏది ఏదో తెలియదు. మీకు కావలసింది పాత వంతెన గనక అటు వద్దు.

ఇంకో ఆశ రోడ్డు వంతెన మీది కాలిబాట. అక్కడికి రైలు వంతెన దాదాపు కిలోమీటరు దూరంలో, చక్కటి ఎత్తులో, సరిగ్గా పక్కనుంచి కనిపిస్తుంది. చిక్కేమిటంటే అది వేలాడే వంతెన. బస్సు వెళ్తే నేల ఊగుతుంది, గాలికీ ఊగుతుంది. అక్కడ ట్రైపాడ్ వేసి 4 సెకన్లు తీస్తే ప్రతి గొట్టమూ రెండుగా వస్తుంది. సూర్యుడు దిగకముందు చేత్తో పట్టుకుని 1/250 వేగంతో తీయడానికి మాత్రమే ఆ చోటు. రెండు వైపుల కాలిబాటలూ ఎప్పుడూ తెరిచే ఉంటాయనుకోకండి, ముందు కనుక్కోండి.

ఇక సమయం. ఎడిన్‌బరో ప్రాంతం 56 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. సెప్టెంబరు చివర్లో సూర్యుడు సుమారు 7 గంటలకు, దాదాపు నేరుగా పడమట, అంటే మీ వీపు వెనక దిగుతాడు. అక్కడి నుంచి పౌర సంధ్య, అంటే సూర్యుడు దిగాక ఇంకా కంటికి ఆనేంత వెలుతురు మిగిలే వేళ, 37 నిమిషాల పాటు ఉంటుంది. జూన్‌లో అయితే ఇది గంట దాటుతుంది. మనవైపు 22 నిమిషాల్లో కమ్మేసే చీకటికి అలవాటుపడ్డవాళ్లు ఇక్కడ తొందరపడి మంచి వెలుగు రాకముందే సామాను సర్దేస్తారు. మీ పాత ఫొటో చూస్తే సూర్యుడు దిగిన 5 నిమిషాలకే తీసినట్టుంది. అప్పటికి ఆకాశం ఇంకా తెల్లగా ఉంటుంది, ఉక్కు చప్పగా ఉంటుంది, దీపాల ఊసే ఉండదు.

దిగాక 10–15 నిమిషాలకు మీ ఎదుట, తూర్పున, నీటి అంచు పైన బూడిద నీలం పట్టీ, దాని మీద గులాబీ రంగు పట్టీ లేస్తాయి. ఆ నీలం భూమి నీడే. నిర్మలమైన ఆకాశం ఉంటే ఆ గులాబీ పట్టీ సరిగ్గా కాంటిలీవర్ల జాలీ వెనక్కి వస్తుంది. ఇది ఒక ఫొటో. 20 నుంచి 30 నిమిషాల మధ్య వంతెన మీది ఫ్లడ్‌లైట్ల వెలుగూ ఆకాశపు నీలమూ దాదాపు సమానమవుతాయి. ఇది రెండో ఫొటో, గోడకు నేను ఎంచుకునేది ఇదే. జాలీ వంతెన ఫొటోలో అసలు బొమ్మ ఉక్కు కాదు, ఉక్కు కమ్మీల మధ్య కనిపించే ఆకాశం. ఆ ముక్కలు కమ్మీల కంటే కాస్త భిన్నమైన రంగులో, కాస్తే తేడా వెలుగులో ఉన్నంతసేపూ వంతెన లోతు కనిపిస్తుంది. 35 నిమిషాలు దాటాక ఆకాశం నల్లబడి, లైటు పడ్డచోట మాత్రం ఉక్కు ముక్కలు ముక్కలుగా తేలుతుంది.

కెమెరా అమరికలు: రా (RAW) ఫైలు, ఐఎస్‌ఓ 100, ఎఫ్/8, మాన్యువల్. దిగిన 15 నిమిషాలకు సుమారు 1 సెకను, 25 నిమిషాలకు 8 సెకన్ల చుట్టూ మొదలుపెట్టి హిస్టోగ్రామ్ చూసి సర్దుకోండి. ఈ వేళ ప్రతి 3–4 నిమిషాలకూ దాదాపు ఒక స్టాప్ వెలుగు పడిపోతుంది (అంటే సగమవుతుంది) కాబట్టి ఒక్కసారి పెట్టి వదిలేస్తే కుదరదు. ఎఫ్/16కి వెళ్లకండి. వివర్తనం (చిన్న రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల సన్న కమ్మీలు మెత్తబడతాయి, దానికి తోడు నాలుగు రెట్ల సమయం గాలికి ఊగుతారు. వైట్ బ్యాలెన్సు ఆటో వద్దు. ఈ వంతెనకు వేసేది గోధుమ ఛాయ కలిసిన ప్రత్యేకమైన ఎరుపు. ఆటో దాన్ని ఒక ఫ్రేములో ఇటుక రంగు, మరో ఫ్రేములో ఊదా చేస్తుంది. 4,200 కెల్విన్ దగ్గర కట్టేసి, తర్వాత మార్చుకోండి. హిస్టోగ్రామ్ చూసేటప్పుడు మూడు రంగులూ విడివిడిగా చూడండి. మొత్తం గీత బాగానే కనబడుతూ, ఫ్లడ్‌లైటు పడ్డచోట ఎరుపు ఒక్కటీ కుడి గోడకు తన్నేస్తుంటుంది. అలా పోయిన ఎరుపు వెనక్కి రాదు, ప్రింటులో రివెట్ల చోట నునుపైన ప్లాస్టిక్కులా కనబడుతుంది.

మసక ఎందుకు వచ్చిందో ప్రింటు చూడకుండానే మూడు అనుమానాలు చెప్పవచ్చు. మొదటిది ఫోకస్. మసక వెలుతురులో ఆటోఫోకస్ నీటి మీది మెరుపును పట్టుకుంటుంది. వెలుతురు ఉండగానే లైవ్ వ్యూలో 10 రెట్లు పెద్దది చేసి, కమ్మీలు కలిసే కీలు దగ్గర ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చి, రింగు మీద టేపు ముక్క అంటించండి. తర్వాత జూమ్ కదిపితే మళ్లీ చూసుకోవాలి, చాలా జూమ్ లెన్సుల్లో ఫోకస్ జరుగుతుంది. రెండోది గాలి. ట్రైపాడ్ నడిమి కడ్డీ లేపకండి, సన్నని కింది కాళ్లు లాగకండి, కెమెరా పట్టీ తీసేయండి, లేకపోతే అది తెరచాపలా కొట్టుకుంటుంది. సంచీ వేలాడదీస్తే అడుగు నేలకు ఆనేలా వేలాడదీయండి. గాల్లో ఊగే సంచీ లోలకమై ఇంకా ఎక్కువ కదిలిస్తుంది. మూడోది స్టెబిలైజేషన్. ట్రైపాడ్ మీద ఆపేయడమే మంచిది.

ముందు అంటించిన యూవీ ఫిల్టరు ఉంటే తీసేయండి. దాని చదునైన గాజులో ఫ్లడ్‌లైట్లు ప్రతిఫలించి ఆకాశంలో పచ్చటి చుక్కలుగా తేలతాయి. తీశాక ఉప్పు తుంపర పడుతుంది గనక తుడిచే గుడ్డ దగ్గర ఉంచుకోవాలి.

పిక్సెళ్ల లెక్క. మీ కెమెరా ఒక్క ఫ్రేము 6000×4000. 120 సెంటీమీటర్లకు సాగదీస్తే అంగుళానికి 127 చుక్కలు. మామూలు ప్రకృతి దృశ్యానికి రెండు మీటర్ల దూరం నుంచి ఇది సరిపోతుంది. జాలీ వంతెన దగ్గరికి మాత్రం జనం తప్పకుండా ముక్కు ఆనేదాకా వస్తారు, రివెట్లు వెతుక్కుంటారు. అందుకే 70 మి.మీ. దగ్గర కెమెరాను నిలువుగా తిప్పి, మూడోవంతు ఒకదానిమీదొకటి పడేలా మూడు ఫ్రేములు తీసి కలపండి. సుమారు 9,360×6,000 వస్తుంది, దాదాపు 43 మి.మీ. లెన్సు చూపంత వెడల్పు. 120×80కి అంగుళానికి 190 చుక్కలు. 150కే పట్టుబడితే 158, అదీ పరవాలేదు.

మూడు ఫ్రేములూ ఒక్క నిమిషంలో అయిపోవాలి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయకపోతే ప్రతి 8 సెకన్ల ఫ్రేముకూ మరో 8 సెకన్లు కెమెరా తనలో తాను పనిచేసుకుంటూ కూర్చుంటుంది. మూడో ఫ్రేము వచ్చేసరికి ఆకాశం రంగు మారి అతుకు తెలుస్తుంది. ఎక్స్‌పోజరు, ఫోకస్, వైట్ బ్యాలెన్సు మూడింటికీ ఒకటే.

కలిపేటప్పుడు ప్రొజెక్షన్ దగ్గర చాలామంది పడిపోతారు. సాఫ్ట్‌వేర్ దానంతటది సిలిండ్రికల్ ఎంచుకుంటే నిటారైన రైలుపట్టా అరటికాయలా వంగుతుంది. కొండలకు ఆ వంపు తెలియదు, వంతెనకు వెంటనే తెలుస్తుంది. రెక్టిలీనియర్ లేదా పర్‌స్పెక్టివ్ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. మీ చూపు వెడల్పు 45 డిగ్రీలే కాబట్టి అంచులు పెద్దగా సాగవు.

రైలు కావాలా? వంతెన ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది, సాయంత్రం పూట ఎక్కువసేపు ఎదురుచూడక్కర్లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమనుకుంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. 521 మీటర్ల ఒక్క ప్రధాన స్పాన్ దాటడానికే 31 సెకన్లు పడుతుంది. కాబట్టి 8 సెకన్లలో వచ్చేది సగమైనా నిండని వెలుగు గీత, అదీ ముందున్న కమ్మీలు కోసేసిన తునకలు. స్పాన్ పొడవునా గీత కావాలంటే 30 సెకన్లు తెరవాలి. అందుకు దిగిన 32 నిమిషాల దాకా ఆగాలి, లేదా రెండు స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు (వెలుగు తగ్గించే నల్లద్దం) వేయాలి. నిలిచిన రైలు పెట్టె కావాలంటే 1/125, ఐఎస్‌ఓ 3200తో విడిగా ఒక ఫ్రేము తీసి, అసలు ఫొటోలో ఆ పట్టా భాగం వరకే అతికించండి. గోడ మీద రెండోదే బాగుంటుంది. వంతెన ఎంత పెద్దదో చెప్పేది దాని మీది బుల్లి రైలే. తెల్లని గీత ఆ పని చేయలేదు. అన్నట్టు, కోణం కోసం పట్టాల మీదికీ కట్టల మీదికీ ఎక్కడం నేరం. డ్రోను ఆలోచన ఉంటే ఎడిన్‌బరో విమానాశ్రయం దగ్గర్లోనే ఉందని గుర్తుంచుకుని, నిషేధిత పరిధి మ్యాపు చూసుకోకుండా లేపకండి.

నీరు, మంచు. పోటు బాగా ఉన్న రోజుల్లో ఇక్కడ ఆటుపోట్ల మధ్య తేడా దాదాపు 5 మీటర్లు. ఆటు వేళ ముందుభాగంలో నాచు పట్టిన రాళ్లూ బురదా వస్తాయి. ప్రింటులో కింది మూడోవంతు నల్ల మచ్చగా తేలేది అదే, మీ పాత ప్రింటులోనూ అదే జరిగి ఉండవచ్చు. పోటు సమయం సందెకు గంట అటూ ఇటూగా ఉన్న సాయంత్రాన్ని అసలు ఫొటోకు ఉంచుకోండి. తూర్పుగాలి వీస్తే సముద్రం మీంచి 'హార్' అనే పొగమంచు లోపలికి వస్తుంది. నీళ్ల మీద పల్చగా పరుచుకుంటే వరం. టవర్లు మునిగిపోతే ఆ రోజుకింతే, మూడు ఫ్రేముల ప్రయత్నం మానేసి 200 మి.మీ.తో మంచులోంచి పైకి తేలిన ఒక్క కాంటిలీవరు తీయండి.

ఎడిటింగులో ఈ వంతెనకే ప్రత్యేకమైన ఒక ఉచ్చు ఉంది. టవరు కాళ్లు కొస నుంచి చూస్తే కింద దాదాపు 37 మీటర్ల ఎడంగా ఉండి, పైకి వెళ్లేసరికి 10 మీటర్లకు దగ్గరవుతాయి. కాళ్లు ఎడం చేసి నిలబడ్డ మనిషిలా, పక్కగాలిని తట్టుకోవడానికి అలా కట్టారు. 1879లో గాలివానకు టే వంతెన కూలిన తర్వాత గీసిన డిజైను ఇది, జాన్ ఫౌలర్, బెంజమిన్ బేకర్‌లది. ఏటవాలు ఫొటోలో ఈ వాలు స్పష్టంగా కనిపిస్తుంది. అది లెన్సు లోపమనుకుని 'ఆటో అప్‌రైట్' నొక్కితే సాఫ్ట్‌వేర్ కాళ్లను నిటారు చేసి, పైభాగాన్ని ఉబ్బించి, వంతెనను పాడుచేస్తుంది. నిలువు సరిచూడటానికి ఒడ్డునున్న ఇళ్ల గోడలను ఆధారం చేసుకోండి. అవతలి ఒడ్డు గీతనూ నమ్మకండి, అది మీకు వాలుగా ఉంటే సమంగా ఉండకపోవడమే సహజం.

క్లారిటీ, డీహేజ్ స్లైడర్ల మీద చెయ్యి వేయకండి. జాలీ సందుల్లో ప్రతి ఆకాశపు ముక్క చుట్టూ తెల్లటి అంచు మొలుస్తుంది. ఫోనులో కనబడదు, 120 సెంటీమీటర్లలో కళ్లలో పొడుస్తుంది. కమ్మీల అంచున ఊదా చార ఉంటే డీఫ్రింజ్‌తో తీయండి. నాయిస్ తగ్గింపు ఆకాశం వరకే, మాస్కుతో. ఫైలు 16 బిట్లలో ఉంచి, చివర్లో ఆకాశానికి అతి సన్నని గ్రెయిన్ కలపండి. నీలం మెల్లగా మారే చోట మెట్లు మెట్లుగా పట్టీలు పడకుండా అది కాపాడుతుంది.

ఇప్పుడు నలుపు సంగతి. మీ తెర వెలుగు ఎక్కువై ఉంటుంది. మామూలుగా కొన్న తెరల వెలుగు చదరపు మీటరుకు 250–300 క్యాండెలాల దగ్గర ఉంటుంది, ప్రింటు కోసం 80–100కు తగ్గించి క్యాలిబ్రేట్ చేయాలి. అప్పుడు చూస్తే ఫొటో మీకే చీకటిగా కనబడి మీరే సర్దుతారు. ఇంకోటి, సందె చీకట్లో మన కన్ను ఎరుపును ముందుగా నల్లగా చూడటం మొదలుపెడుతుంది, నీలాన్ని మాత్రం పట్టి ఉంచుతుంది. కెమెరాకు ఆ అలవాటు లేదు. అక్కడ చూసిన గుర్తుతో ఎరుపును ఇంకా కిందికి నొక్కేస్తే ప్రింటులో ఉక్కంతా బొగ్గే. ఉక్కు నీడభాగాలు 0–255 కొలతలో 25–30 కంటే దిగకుండా చూసుకోండి, అంతకంటే కింద మ్యాట్ కాగితం అన్నిటినీ ఒకే నలుపు చేస్తుంది. తర్వాత ప్రింటు చేసేవాళ్లిచ్చే కాగితం ప్రొఫైలుతో సాఫ్ట్ ప్రూఫ్, అంటే ఆ కాగితం మీద ఎలా వస్తుందో తెరమీదే చూపే నమూనా, చూడండి. ముదురు నీలాలే ముందు పరిధి దాటిపోతాయి. నీలం సాచురేషన్‌ను కొద్దిగా తగ్గిస్తేనే ఛాయల తేడా నిలుస్తుంది.

కాగితం ఎంపిక గోడను బట్టి ఉంటుంది. సోఫాకు ఎదురుగా కిటికీ ఉంటే మెరిసే అక్రిలిక్, లోహపు ప్రింట్లు వద్దు. ఫొటోలోని చీకటి భాగమంతా అద్దమై మీ కిటికీనే చూపిస్తుంది. కిటికీ లేకపోతే బరైటా కాగితం ఈ జాలీకి బాగా నప్పుతుంది, నలుపు లోతుగా, అంచు పదునుగా వస్తుంది. కాన్వాసు నేత సన్న కమ్మీలతో గొడవపడుతుంది కాబట్టి ఈ బొమ్మకు సిఫారసు చేయను. అయినా అదే కావాలంటే చుట్టూ మడతకు 4–5 సెంటీమీటర్లు అదనంగా వదలండి, లేకపోతే టవరు కొన ఫ్రేము పక్కకు మడతపడి పోతుంది.

మీ సోఫా 2 మీటర్లన్నారు, దాని మీద 120–130 సెంటీమీటర్ల ప్రింటు చాలు. ప్రింటు మధ్యభాగం నేల నుంచి 145–150 సెంటీమీటర్లలో ఉండాలి. 2,700 కెల్విన్ పసుపు బల్బు కింద ఈ నీలం బూడిదైపోతుంది. 3,500–4,000 కెల్విన్, సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత) 90 పైన ఉన్న స్పాట్‌లైటు ఒకటి పైనుంచి పడేలా పెట్టండి.

పెద్ద ప్రింటుకు డబ్బు కట్టేముందు అసలు సైజులోనే A4 ముక్కలు రెండు తీయించండి. ఒకటి దగ్గరి టవరు కీలు, దాని వెనక ఆకాశం, ఇంకొకటి నీటి మీద అన్నిటికంటే చీకటి భాగం. వాటిని అదే గోడకు, అదే ఎత్తులో టేపుతో అంటించి ఒక పగలూ ఒక రాత్రీ చూడండి. రాత్రి లైటు కింద రెండో ముక్కలో నీటి అలలు విడిగా కనబడకపోతే నీడలను మరో పావు స్టాప్ లేపి, అదే రెండు ముక్కలు మళ్లీ తీయించండి.